నెస్టా ఎంచిన సంఘం

నెస్టా ప్రోబర్ట్ పదిహేడో ఏట కబేళాలో చేరింది. ఇరవై ఏడేళ్ళపాటు గొర్రెల గొంతులు కోసింది. రాడ్నర్ కొండల్లో ఆమెతో మాట తూలాలంటే మగవాళ్ళు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. తండ్రి కుందేళ్ళు పట్టి బతికినవాడు. తాగితే బెల్టు తీసేవాడు, తాగకపోతే చేత్తో సరిపెట్టేవాడు. పద్నాలుగేళ్ళప్పుడు ఒకరోజు ఆ బెల్టే లాక్కుని నెస్టా ఆయన్ని వంటింట్లో బల్ల చుట్టూ తరిమింది. మళ్ళీ ఆయన చెయ్యెత్తలేదు. ఆయన పోయినప్పుడు ఆమె ఏడవలేదు గానీ, ఆయన కుక్కల్ని మాత్రం తెచ్చుకుని పెంచింది.

చలికాలం శనివారాల్లో ఊరి వేట జట్టుతో కొండమీదికి వెళ్ళేది. తుపాకి పట్టేది కాదు. అదిలించేవాళ్ళు కర్రలతో పొదలు కొడుతూ ఫెజంట్ కోళ్ళను పైకి లేపుతారు, వరసగా నిలబడ్డ తొమ్మిదిమంది కాలుస్తారు. పడినవాటిని కుక్కలతో ఏరడం నెస్టా పని. రెక్క విరిగి పరిగెత్తే కోడిని కుక్క పట్టి తెస్తే, తలమీద కర్రతో ఒక్కటిచ్చేది. రెండో దెబ్బ ఎప్పుడూ పడేది కాదు.

ఆమెకు నలభై నాలుగేళ్ళు నిండిన జనవరిలో ఆ ప్రమాదం జరిగింది. లోయ చివర, ఆ రోజు వేటలో ఆఖరి విడత. తుపాకుల వరస వెనకాల, ఎండిన ఫెర్న్ మొక్కల్లో కుక్కతో నిలబడింది. ఉడ్‌కాక్ పిట్ట ఒకటి పొదలోంచి లేచి తలల ఎత్తులో, వంకర్లు పోతూ వరస దాటింది. వరసలో ఉన్న ఇథెల్ బఫ్టన్ దాని వెంట తుపాకి తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ వెనక్కి తిరిగిపోయాడు. ముప్ఫై గజాల దూరంలో నెస్టా మొహం ఉంది.

మోత ఆమెకు వినబడలేదు. ఎడమకంట్లో కాల్చిన మేకు దిగ్గొట్టినట్టయింది. మొహంలో, మెడలో, చేతిలో మొత్తం పదకొండు సీసపు గుళ్ళు దిగాయి. చెయ్యి పెట్టుకుంటే వేళ్ళ మధ్యనుంచి నెత్తురుతోపాటు జిగురు లాంటిది కారింది. అదేమిటో ఆమెకు తెలుసు. గొర్రెల తలల్లో చూసిందే.

"పిట్ట పడిందా?" అనడిగిందట. తర్వాత ఎమ్లిన్ చెప్పాడు. ఎమ్లిన్ గిట్టోస్ వేటకు వదిలే ఆ కోళ్ళ పెంపకం, వేట ఏర్పాట్లు చూసే ముసలాయన. ఆయనే ఆమెను జీపులో పడుకోబెట్టి హెరెఫర్డ్ ఆసుపత్రికి తోలుకెళ్ళాడు. అక్కడ కన్ను తీసేశారు.

మూడోరోజు ఇథెల్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆమె ఇంటికి రెండు పొలాల అవతలే అతని గొర్రెల దొడ్డి. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. టోపీ రెండు చేతులతో నలిపేస్తున్నాడు.

"నెస్టా, నేను షూటింగ్ సంఘంలో సభ్యుణ్ణే. దాంతోపాటే ఇన్సూరెన్స్ ఉంది. నీకేం లోటు రాదు."

"కన్ను వస్తుందా?"

అతను మెట్లమీద కూర్చుని ఏడ్చాడని నర్సు చెప్పింది.

ఇన్సూరెన్సూ రాలేదు. ఇథెల్ అంతకుముందు శరదృతువులో బ్యాంకు మార్చాడు. పాత బ్యాంకునుంచి ఏటా దానంతటదే సంఘానికి వెళ్ళే చందా ఆగిపోయింది. వాళ్ళు రాసిన ఉత్తరాలు మూడు వంటింటి సొరుగులో విప్పకుండానే ఉన్నాయి. ప్రమాదం జరిగిన రోజున ఆయన మా సభ్యుడు కాడని సంఘం జవాబిచ్చింది. నెస్టా ఏ సంఘంలోనూ చేరలేదు. తుపాకి పట్టనిదానికి సభ్యత్వమెందుకు అనుకుంది. కోర్టుకు వెళితే ఇథెల్ పొలం అమ్మించాల్సిందే అని లాయరమ్మ చెప్పింది. ఆ పొలంలో అతని ముసలి తల్లి ఉంది, ముగ్గురు ఆడపిల్లలున్నారు. వాళ్ళను రోడ్డు మీదికి తేవడానికి నెస్టాకు మనసొప్పలేదు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

కబేళాలో కత్తి పని తీసేశారు. ఒంటికంటితో దూరం అంచనా తెలియక మొదటి వారంలోనే బొటనవేలు కోసుకుంది. తోళ్ళకు ఉప్పు పట్టించే కొట్లోకి మార్చారు.

మే నెలలో గొర్రెల సంతలో ఇథెల్ ఎదురుపడ్డాడు. "ఎలా ఉన్నావ్ నెస్టా?" అన్నాడు, అలవాటుగా. అంతే. ఆమె అతని జుట్టు పట్టుకుని మొహాన్ని దడి ఇనుప కమ్మీకేసి కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. కమ్మీ మోగింది, లోపల గొర్రెలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. నలుగురు మగాళ్ళు పట్టి లాగేదాకా వదల్లేదు. అతని పళ్ళు రెండు సిమెంటు మీద పడ్డాయి. ఇథెల్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, అదే చూసినవాళ్ళకు గుర్తుండిపోయింది.

పోలీసు వచ్చి అడిగితే, "కాలు జారి పడ్డాను," అన్నాడు, నెత్తురు ఉమ్మేస్తూ.

ఆ వారమే అతను తన తుపాకులు రెండూ పోలీసులకు అప్పగించేశాడు.

వేసవిలో జట్టు పబ్బు వెనకగదిలో సమావేశమైంది. ఇకమీదట అందరూ ఒకే సంఘంలో చేరాలని ఎమ్లిన్ పట్టు. బల్లమీద మూడు సంఘాల కాగితాలు పరిచాడు. వేలంపాటలు నడిపే సెల్విన్‌కు గొంతు పెద్దది. "చవకైనది తీసుకోండయ్యా! ఇన్సూరెన్సే కదా కావలసింది. వాళ్ళిచ్చే పత్రికలు ఎవడు చదువుతాడు?"

"పెద్ద సంఘమైతే, రేపు పోలీసులు నీ తుపాకి లైసెన్సు ఆపినా లాయర్ని పెడుతుంది," అన్నాడు ఎమ్లిన్.

"నా లైసెన్సెందుకు ఆపుతారు? నేనేమైనా ఆడదాని కళ్ళు పేల్చానా? అయినా ఆ రోజు నెస్టా ఉండాల్సిన చోట ఉంటే..."

ఎమ్లిన్ విసిరిన బీరు గ్లాసు గోడకు తగిలి పగిలింది. సెల్విన్ బల్ల తోసి లేచాడు. ఇద్దరూ గొంతులు పట్టుకున్నారు. అప్పటికే నెస్టా గుమ్మంలో ఉంది. కుక్కలకు ఎముకలు అడగడానికి వచ్చింది.

"ఎక్కడ నిలబడ్డానో నా కన్నునడుగు సెల్విన్. హెరెఫర్డ్‌లో సీసాలో ఉంది."

ఇద్దరూ గొంతులు వదిలారు. ఎమ్లిన్ చొక్కా సర్దుకుని కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే ఎంచు. నువ్వు చెప్పిందాంట్లో చేరతాం."

మర్నాడు వంటింట్లో కూర్చుని మూడు సంఘాలకూ ఫోన్ చేసింది. చవక సంఘం, తుపాకి పట్టేవాళ్ళకే తప్ప అదిలించేవాళ్ళకు ఏమీ లేదంది. పెద్ద సంఘంలో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. సభ్యుడి గుండు ఇంకో సభ్యుడికి తగిలితే ఏమవుతుందని అడిగితే మాత్రం, కనుక్కుని చెబుతానన్నాడు. మళ్ళీ ఫోన్ రాలేదు. మూడోదానిలో ఒక ఆవిడ పలికింది.

"మేం కుక్కలతో పిట్టలేరేవాళ్ళం. మాకు సభ్యత్వం ఉందా?"

"ఉంది మేడమ్. సభ్యులు ఒకరికొకరు దెబ్బ తగిలించుకున్నా వర్తిస్తుంది. కన్ను పోయినా, చెయ్యి పోయినా, తప్పెవరిదో తేలకముందే కొంత ఇస్తాం."

"ఈ మాటే కాగితం మీద రాసి పంపుతావా?"

"ఇవాళే పంపుతాను."

"కావాలని కొడితే?"

"ఎవర్ని మేడమ్?"

"ఎవర్నయినా."

"దానికి ఏ సంఘమూ ఇవ్వదు మేడమ్."

కాగితం నాలుగోరోజున వచ్చింది. నెస్టా ఆ సంఘాన్నే ఎంచి, జట్టుకు రెండు షరతులు పెట్టింది. అదిలించేవాళ్ళూ ఏరేవాళ్ళూ కూడా చేరాలి. వేటరోజు కొండ గేటు దగ్గర సభ్యత్వ కార్డు చూడటమే కాదు, సంఘానికి ఫోన్ చేసి, ఆ రోజుకది చెల్లుతుందో లేదో కనుక్కోవాలి.

నవంబరు మొదటి శనివారం గేటు దగ్గర ఆమే నిలబడింది. అదిలించేవాళ్ళతో కలిసి ఇథెల్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. పొద్దున్నే ఎమ్లిన్ దగ్గరికి వెళ్ళి, తనకూ పని ఇమ్మన్నాడట.

"కార్డు," అంది నెస్టా.

తీసి ఇచ్చాడు. ఆమె ఫోన్ చేసి, కనుక్కుని, తిరిగి ఇచ్చేసింది. అతను ట్రాక్టరు తొట్టెలో ఎక్కి కూర్చున్నాడు.

చివర్లో సెల్విన్ పిలిచిన అతిథి కారు దిగాడు. క్రిస్పిన్ లాత్‌బరీ అని ష్రూస్‌బరీలో ఇళ్ళు కట్టించేవాడు. కార్డు ఇంట్లో ఉందన్నాడు.

"నంబరు చెప్పు. ఫోన్ చేస్తా."

"గుర్తులేదు. తప్పుకో."

"అయితే తుపాకి కార్లోనే పెట్టు."

"పిట్టలేరుకునేదానివి, నువ్వా నన్నడిగేది? ఒంటికన్నుదానా!" అని కోటు కాలరు పట్టుకుని గుంజాడు.

నెస్టా కర్ర అతని మణికట్టు మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అతను కేక పెట్టి రెండో చేత్తో ఆమె మూతిమీద గుద్దాడు, ఆమెకు కన్నులేని వైపునుంచి. చెయ్యి రావడం ఆమెకు కనబడలేదు. వెనక్కి గేటుమీద పడింది. లేచేలోపు కడుపులో తన్నాడు. కుక్కలు గొలుసులు తెంపుకుంటున్నాయి.

ఇథెల్ తొట్టెలోంచి దూకిన దూకుడుకి క్రిస్పిన్ బురదలో వెల్లకిలా పడ్డాడు. ఇథెల్ అతని ఛాతీమీద మోకాలేసి గుద్దాడు. ముక్కు చితికింది, ఇంకా గుద్దాడు. "ఇదిగో! ఇదిగో!" అంటున్నాడు గానీ, ఎవరిని కొడుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. చివరికి నెస్టాయే అతని చెయ్యి పట్టుకుంది.

"చాలు ఇథెల్. చస్తాడు."

పోలీసులు వచ్చారు. ముగ్గురి దగ్గరా వాంగ్మూలాలు రాయించుకుని, మందలించి వదిలేశారు. క్రిస్పిన్ మణికట్టుకు కట్టు కట్టారు. సెల్విన్ జట్టు వదిలి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదంతా నెస్టా గేటు దగ్గర ఉండకూడదని ఎమ్లిన్ తేల్చేశాడు. "నువ్వు అడిగితే జనం చేతులు విరుగుతున్నాయమ్మా," అన్నాడు. ఆ పని ఇథెల్‌కు అప్పజెప్పాడు.

తర్వాతి శనివారం నెస్టా వచ్చేసరికి ఇథెల్ గేటు మూసి నిలబడ్డాడు. ఆమె పెదవి ఇంకా వాచే ఉంది. అతని పిడికిలి కూడా.

"నన్ను క్షమించావా?" అనడిగాడు, నేల చూస్తూ.

"లేదు."

"సరే."

"ఎప్పటికైనా క్షమించానంటానో లేదో తెలీదు. ఊరికే అడుగుతూ ఉండకు."

"సరే," అన్నాడు మళ్ళీ. గేటు తియ్యలేదు. చెయ్యి చాపాడు. "కార్డు."

నెస్టా కోటు లోపలి జేబులోంచి కార్డు తీసిచ్చింది. ఇథెల్ నంబరు రెండుసార్లు చదువుకుని ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు చెల్లుతుందన్నాకే గేటు తీశాడు. ఆమె కుక్కల్ని విప్పి, వాటి వెనకే కొండ ఎక్కింది.