నేను తీసిన స్నాప్‌షాట్

మొన్న ఏసీ పాడైంది. సర్వర్ గది తలుపు తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. సన్యాసిరావు గారుంటే, "ఫ్యాన్లకి దుమ్ము పట్టీసిందమ్మా, తుడిసీ" అనేవారు. చోడవరంలోని ఈ ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసేది ఇప్పుడు నేనొక్కదాన్నే. రోజంతా ఆ గదిలో నాతో మాట్లాడే మనిషి ఉండడు.

నాకు పని నేర్పింది ఆయనే. సర్వర్ అనే ఒకే పెద్ద మిషన్లో ఓపీకి ఒకటి, ల్యాబ్‌కి ఒకటి, మందులకి ఒకటి చొప్పున వర్చువల్ మిషన్లు, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్లు, నడుస్తాయి. దేనికైనా మార్పు చేసేముందు దాని స్నాప్‌షాట్ తీస్తాం, అంటే ఆ క్షణంలో అది ఎలా ఉందో అలా పట్టి ఉంచుతాం. పని చెడితే వెనక్కి వెళ్లిపోవచ్చు. "అది బ్యాకప్పు కాదమ్మా," అనేవారు ఆయన. "డిస్కు పోతే అసలుదీ ఇదీ రెండూ పోతాయి. బ్యాకప్పు వేరే చోట ఉండాల. స్నాప్‌షాటు పనైపోగానే సెరిపీయాల. ఉంచీసేవంటే కొత్తగా రాసిందంతా ఇంకో ఫైల్లోకి ఎల్లిపోతాది. ఏది కావాలన్నా మిషను రెండు చోట్లా ఎతుక్కోవాల." వారానికోసారి ఒక బ్యాకప్‌ని తీసి నడిపించి, అది నిజంగా లేస్తోందని చూసేదాకా టిఫిన్ ముట్టేవారు కాదు. ఏం చాదస్తంరా నాయనా అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఓసారి ఓపీ మిషన్‌కి అప్‌డేట్ వేసేముందు స్నాప్‌షాట్ తీశాను. అంతా బాగానే నడిచింది. చెరిపేస్తే ఏమవుతుందోనని భయపడి ఉంచేశాను, తర్వాత మరిచేపోయాను. మూడు వారాలకి, ఒక సోమవారం పొద్దున, ఓపీ కంప్యూటర్ నత్తనడక పట్టింది. ఒక్కో పేరు ఎక్కడానికి ఐదు నిమిషాలు. జనం గుమ్మం దాటి నిలబడ్డారు. రావికమతం నుంచి ఆటోలో వచ్చిన ఒక ముసలమ్మ, "ఏటమ్మా, నా పేరు అందులో ఎక్కదేటి?" అంటూ వరుసలోనే కూలబడిపోయింది.

సన్యాసిరావు గారు స్క్రీన్ చూసి నావైపు తిరిగారు. "ఈ స్నాప్‌షాటు నువ్వు తీసేవేటమ్మా?"

"లేదు సార్," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట!

ఆయన మళ్లీ స్క్రీన్ వైపు తిరిగారు. రద్దీలో దాన్ని చెరిపేస్తే మిషన్ ఇంకా మొరాయిస్తుందని, పేర్లు కాగితాల మీద రాయించారు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక చెరిపేశారు. పేరుకున్న ఫైలు అసలు డిస్కులో కలవడానికి రెండు గంటలు పట్టింది. ఈలోగా పెద్ద డాక్టరు గారు వచ్చి కేకలేస్తే, "నేనే సూసుకోలేదండి" అన్నారు. నేను పక్కనే నిలబడి నేల చూపులు చూశాను.

ఆర్నెల్ల తర్వాత, ఇద్దరెందుకని ఆస్పత్రివాళ్లు ఆయన్ని మాన్పించేశారు. తప్పు చేయని మనిషిగా నేను మిగిలాను.

నిజం చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. పోయిన నెల అనకాపల్లిలో వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలోనే చెప్పేశాను.

"తెల్సమ్మా," అన్నారాయన. "తీసినోల్ల పేరు మిషను రాసుకునే లాగ్‌లో ఉంటాది కదా. ఆవేళే సూసేను."

"మరి డాక్టరు గారికి ఎందుకు చెప్పలేదు సార్?"

"నువ్వు సెప్తావనుకున్నాను."

కోపంగా అనలేదు. టీ తాగి వెళ్లమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను, బస్సులో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు స్నాప్‌షాట్ తీసినప్పుడల్లా నా పేరు, ఎందుకు తీశానో, ఎప్పుడు చెరిపేయాలో ఒక కాగితం మీద రాసి గోడకి అంటిస్తున్నాను. చదివేవాళ్లెవరూ లేరు. అయినా ముందు నా పేరే రాస్తాను.