రెండుసార్లు పెట్టే కార్డు

మా మేనత్తను మొండిఘటం అనేవాళ్లు ఇద్దరు. ఇంట్లో మామయ్య, ఆసుపత్రిలో మేనేజరు. మామయ్య ముద్దుగా అంటాడు. మేనేజరు మాటలో ముద్దు లేదు. పక్క కౌంటరు నాదే కాబట్టి చెవులారా విన్నాను.

డయాలసిస్ విభాగంలో అత్త పని కార్డు రీడర్లు చూసుకోవడం. వారానికి మూడుసార్లు వచ్చే రోగులు మూడు వందల మంది, తలా ఒక కార్డు. ఎంత బరువు, ఏ మందు పడదు, యంత్రం ఎలా పెట్టాలి, అన్నీ దాని చిప్‌లోనే ఉంటాయి. రీడర్లు బూడిద రంగు డబ్బాలు, ముసలివి. మొదటిసారి పెడితే ఒక పట్టాన చదవవు. అందుకని ఇరవై రెండేళ్లుగా అత్త అందరికీ ఒకటే పాఠం చెప్పింది: పెట్టండి, తీయండి, చొక్కాకు తుడవండి, మళ్లీ పెట్టండి.

కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. దానికి మా డబ్బాలు ఏమిటో తెలియదు. పై నుంచి నోటీసు దిగింది: పాత కార్డులు చెల్లవు, సోమవారం నుంచి అందరూ చికిత్స లేని రోజున వచ్చి వరుసలో నిలబడి కొత్తవి తీసుకోవాలి. వాళ్లకు కాస్త నడుం వాల్చే తీరిక దొరికేదే ఆ రోజున. నాకు ఒళ్లు మండింది. ఈ డబ్బాలు పోతే పని ఉండదని అత్తను కింది అంతస్తులోని రికార్డుల గదికి మారుస్తామన్నారు. ఆ గది అంటే ఆమెకు బాధ లేదని అబద్ధం చెప్పను.

సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని ఎవరూ తెరవలేదు. అత్త తెరిచింది. తెలియని రీడరైనా సరే, దానికి తగిన ప్రోగ్రాము ముక్క రాసి తగిలించుకోవచ్చని అందులో ఉంది. పుస్తకం దాన్ని సర్వీస్ ప్రొవైడర్ అంది. అత్త దుబాసి అంది. సాఫ్ట్‌వేరు దాన్ని అడిగేవి నాలుగే: ఏ రీడర్లు ఉన్నాయి, కార్డు ఉందా, లేకపోతే వచ్చేదాకా ఆగగలవా, నేను చెప్పింది కార్డుకు చెప్పి అదేమందో తెచ్చి చెప్పగలవా. ఆ ముక్క రాసి దాని పేరు ఒక జాబితాలో ఎక్కిస్తే చాలు, మిగతా దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

రీడర్లతో కుస్తీ పడుతూ ప్రోగ్రాములు నేర్చుకున్న మనిషి. పదిహేను రోజులు పొద్దున్నే లేచి వంటింటి బల్ల మీద రాసింది.

"ఇది మీ పని కాదమ్మా," అన్నాడు మేనేజరు.

"ఎవరి పనో చెప్పండి, వాళ్లకే ఇచ్చేస్తాను," అంది అత్త.

చివరికి మేనేజరు ఒక షరతు పెట్టాడు. సోమవారం ఉదయం, సాఫ్ట్‌వేరు కంపెనీ ఇంజనీరు ముందు, ఒక్క పరీక్ష అన్నాడు. తప్పితే డబ్బాలు చెత్తలోకి, అత్త కిందికి.

ఆ రోజు చికిత్సకు వచ్చినవాళ్ల వరుసలో ముందున్నది దర్జీ తాత. కార్డు పెట్టాడు, తీశాడు, చొక్కా చేతి మడతకు తుడిచాడు, మళ్లీ పెట్టాడు. తెర మీద 'కార్డు లేదు' అని వచ్చింది. ఇంకోసారి చేశాడు. అదే మాట.

ఇంజనీరు నవ్వాడు. "కార్డు పెట్టడం కూడా రాదా పెద్దాయనా? ఒకసారి పెట్టి వదిలెయ్యాలి."

తాత కార్డు వెనక్కి తీసుకుని అత్త వైపు చూశాడు. నాకు సిగ్గేసింది, నిజం చెప్పాలంటే అత్త మీద కోపం కూడా వచ్చింది.

"ఆయన తప్పేం లేదు. నేను నేర్పిందే చేశారు," అంది అత్త. "తప్పు నా దుబాసిది. ఇంట్లో నేను మెరిసిపోయే కొత్త కార్డుతో చూశాను. తుడవాల్సిన పనే పడలేదు. ఇక్కడ కార్డు బయటికి వచ్చేసినా ఇది వెళ్లిపోయిన మనిషితో మాట్లాడుతూనే కూర్చుంది."

"అయితే ఒక్కసారే పెట్టాలని కాగితం అంటించండి," అన్నాడు ఇంజనీరు.

"అంటించను. మూడు వందల మంది చేతులు మారాలా, నా పది లైన్లు మారాలా?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క పరీక్ష అనుకున్నాం కదమ్మా."

"అది ఇంకా అవ్వలేదు సార్. తాతగారు లోపలికి వెళ్లలేదు."

కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. కార్డు బయటికి రాగానే పాత మాటలు వదిలేసి, మళ్లీ లోపలికి రాగానే మొదటి నుంచి పలకరించేలా మార్చింది. పావుగంట పట్టింది. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. వరుసలో ఒక్కరూ కదల్లేదు.

"రండి తాతా."

తాత ఈసారి భయంభయంగా ఒక్కసారే పెట్టి వదిలేయబోయాడు. అత్త ఆపింది. "ఎప్పుడూ ఎలా పెడతారో అలాగే పెట్టండి."

పెట్టాడు, తీశాడు, నింపాదిగా తుడిచాడు, మళ్లీ పెట్టాడు. తెర మీద ఆయన పేరు వచ్చింది, బరువు వచ్చింది, పడని మందు ఎర్ర అక్షరాల్లో వచ్చింది. తాత ఇంజనీరు ముఖంలోకి ఒకసారి చూసి లోపలికి నడిచాడు.

"ఇవాళ్టికి సరే," అన్నాడు మేనేజరు. "రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?"

"నాది. అందుకే కిందికి పోను."

అత్త లేచి గోడ మీది నోటీసు పీకి, నాలుగు మడతలు పెట్టి మేనేజరు చేతిలో పెట్టింది. వరుసలో తర్వాతున్న ఆవిడ అప్పటికే కార్డు చేతిరుమాలుతో తుడుచుకుంటోంది.