కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న బొట్టు లిస్టు

ముందే చెప్తున్నాను, ఇందులో ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో కొంచెం అటూ ఇటూ కావచ్చు. కానీ మొన్న మా కాలనీ ఆడవాళ్ల ముందు నా పరువు పోయిన మాట మాత్రం నిజం. అదీ నా చేతులారా, ఒక్క క్లిక్కుతో!

మా బిడ్డ కవిత కాన్పుకు బోధన్ వచ్చింది. పాపకు ఇరవై ఒకటో రోజు తొట్లె, అంటే ఉయ్యాలలో వేసే వేడుక. ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలవాలి. ఒక్క ఇల్లు మరిచిపోయినా పదేళ్లు ఎత్తిపొడుస్తారు. నాకేమో ఈమధ్య మొఖాలు గుర్తుంటున్నాయి, పేర్లు జారిపోతున్నాయి. అదే నా దిగులు.

"కాగితం మీద రాస్తే కాగితమే పోగొడ్తవు. నీ మెయిల్ల రాసిపెట్టుకో అమ్మా" అంది కవిత.

ఫోన్‌లో టైపు చేస్తే నా వేలు ఒకేసారి రెండక్షరాల మీద పడుతుంది. అందుకని కమ్యూనిటీ హాల్లో అందరికీ కలిపి పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేరు పక్కనే మనిషి గుర్తు కూడా రాశాను. సుశీల: మైకు గొంతు. రాజమణి: తీసుకుపోయిన గిన్నె తిరిగి ఇవ్వదు. కౌసర్ ఆపా: ఎదుటివాళ్లను మాట్లాడనివ్వదు. నాకోసం రాసుకునేదే కదా, మొహమాటమెందుకు! ముప్పై ఇళ్లు, ముప్పై గుర్తులు.

ఆఁ, ఇది ముందే చెప్పాల్సింది. మెయిల్ తెరుస్తుంటేనే పైన ఒక చిన్న పెట్టె వచ్చింది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాలా అని అడిగింది. డెబ్బై ఏళ్లలో నా బదులు గుర్తుపెట్టుకుంటానన్నవాళ్లు ఒక్కరు లేరు! "పెట్టుకో బిడ్డా" అని నొక్కేశాను. పని కాగానే టీవీ ఆపినట్టు తెర ఆపేసి ఇంటికొచ్చాను.

రెండ్రోజుల తర్వాత కుంకుమ భరిణె, ఫోన్ పట్టుకొని బయలుదేరాను. లిస్టు ఫోన్‌లో కూడా కనబడుతుందట, కవిత తెరిచి ఇచ్చింది.

మొదట సుశీల ఇల్లు. ఆమె పలకరిస్తే బస్టాండు దాకా వినబడాలి. ఆ రోజు గుసగుసగా "రా వదినె... కూసో..." అంది. గొంతు పట్టేసిందనుకొని మిరియాల పాలు తాగమని చెప్పి వచ్చాను.

తర్వాత రాజమణి. నేను చెప్పులు కూడా విడవలేదు, రెండు గిన్నెలు, ఒక మూత నా చేతిలో పెట్టింది. "ఇగో, మీయి. ఒకటి మాది గూడ ఉన్నది, ఉండనియ్యి."

కౌసర్ ఆపాకు బొట్టు పెట్టం, చేతిలో ఇంత చక్కెర పోసి పిలుస్తాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, మీరే చెప్పండి అన్నట్టు చేయి చూపించింది. నేను పిలుపు చెప్పి, పాప సంగతి చెప్పి, ఎండల సంగతి కూడా చెప్పాను. పలకదే! చివరికి కొంగు తీసేసింది.

"యా అల్లా, ఇంక నాతోని కాదు! నిన్న హాల్ల సుశీల తన మెయిల్ తెరువవోతే, పాస్‌వర్డ్ అడుగకుంటనే మీ లిస్టు ఎదురొచ్చిందక్కా! అందరికి సదివి వినిపిచ్చింది. మైకు అవసరమే పడలే!"

చేతిలోని గిన్నెలు కింద పెట్టి, అక్కడి నుంచే కవితకు ఫోన్ చేశాను.

"లాగౌట్ చేసినవా అమ్మా?"

"అదేంది?"

"అయ్యో! అది నీకోసం గుర్తువెట్టుకోదే, ఎవరు కూసుంటే వాళ్లకోసం గుర్తువెట్టుకుంటది! పదిమంది వాడే కంప్యూటర్ల పాస్‌వర్డ్ దాస్తరా ఎవరన్న? తాళంచెయ్యి తాళానికే ఉంచి వచ్చినట్టు!"

"ఇగ తొట్లెకు ఎవరొస్తరే?" అంటూ కౌసర్ ఆపా మెట్ల మీద కూలబడ్డాను. పసిపిల్ల తొట్లె పాడేవాళ్లు లేకుండా ఊగినట్టే కనబడింది.

కౌసర్ ఆపా నా ఫోన్ తీసుకొని లిస్టు కిందికి జరిపింది. "గిది సూడుండ్రి."

ముప్పై పేర్ల కింద, నేను రాయని ముప్పై ఒకటో పేరు. నాదే! విమలమ్మ: మరిచిపోతది. పిలువకున్నా మనమే పోవాలె.

ఎవరు రాశారో అడగలేదు. తొట్లె నాడు ఇల్లు పట్టనంతమంది వచ్చారు. సుశీల పాట వీధి చివరి దాకా వినబడింది. రాజమణి పాయసం గిన్నె పట్టుకుపోయింది.

కవితా, ఇది చదివి పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూడు. గుర్తులు చూడనక్కర్లేదు. వాటిలో ఒక్క తప్పు లేదు, ముప్పై ఒకటోదాంతో సహా.