చెరువుగట్టున దొరికిన అక్క

వరంగల్ దగ్గర రెండు కిలోల బొచ్చె చేప పట్టి, వండించుకుని తిన్నానని రాజమండ్రిలో అందరికీ ఏళ్లుగా చెబుతున్నాను. పట్టింది నిజం. తిన్నది మాత్రం దాన్ని కాదు.

ఆఫీసు పని మీద కాజీపేట వెళ్లి, తీరిక దొరికితే వర్ధన్నపేట దారిలో ఒక చెరువులో గాలం వేశాను. అక్కడ చేపపిల్లలను పోసి పెంచేది మత్స్యకారుల సంఘమని, వాళ్లను అడగకుండా బయటివాళ్లు పట్టకూడదని తెలిసే వేశాను. చేప ఒడ్డున పడేసరికి ఒకాయన వెనకే నిలబడి ఉన్నాడు.

“ఎవర్ని అడిగి పడుతున్నవే?”

“సంఘం ప్రెసిడెంటు మా బావేనండీ,” అన్నాను.

“ప్రెసిడెంట్‌ను నేనే. తోడబుట్టినోడు లేడని మా ఆమె ఎన్నేండ్ల సందో ఏడుస్తాంది. ఇన్నొద్దులు ఎటువోయినవ్ బామ్మర్దీ?”

చేపను నా చేతులతోనే నీళ్లలో వదిలించాడు. “చుట్టానికైనా రూలు రూలే. ఇగ నడువు, మీ అక్క తానికి పోదాం.”

సంగతి విని ఆమె పడీపడీ నవ్వింది. “తమ్ముడు ఉత్త చేతులతోని వచ్చిండా? చీర లేదు, రైకగుడ్డ లేదు!” అంటూనే నాకు చేపల పులుసు పోసింది. రెండోసారి వడ్డిస్తూ మాత్రం నవ్వలేదు. “నిజంగనే నాకెవ్వరు లేరు తమ్మీ,” అంది.

ఆ మాట ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చేప గొప్పలే చెప్పుకున్నాను.

వచ్చే వారం మళ్లీ కాజీపేటలో పని ఉంది. ఈసారి గాలం తీసుకెళ్లడం లేదు. సంచిలో చీర పెట్టుకున్నాను.