గోడ దాటిన బంతి

2015 ఫిబ్రవరి, మూడో శుక్రవారం, మబేలా. పొద్దున ఆరుంబావు. హాజరు: ఎలక్ట్రీషియన్లు ముగ్గురు, తాపీ మేస్త్రీలు నలుగురు, మెస్ వంటాయన, బస్సు డ్రైవరు, జగిత్యాల ప్లాస్టరింగాయన. స్కోరు రాయడానికి నేను.

పాత డైరీల అట్టలకు జిగురు పెడుతుంటే నిన్న ఈ పేజీ తెరుచుకుంది. నలభై ఏళ్ల నా డైరీల్లో ఎక్కువసార్లు తిట్లు తిన్నది ఆ జాబితాలోని ప్లాస్టరింగాయనే.

అప్పుడు నేను ఒమాన్‌లో ఒక కంపెనీలో స్టోర్‌కీపరును. మా ఆవిడ పోయి రెండో ఏడు. పెద్దవాణ్నని కార్మికుల క్యాంపులో నాకు విడిగా ఒక గది ఇచ్చారు. అది గౌరవమో శిక్షో శుక్రవారం వస్తేనే తెలిసేది. మిగతా ఆరు రోజుల్నీ డ్యూటీ మింగేసేది. మా చర్చిలో శుక్రవారం ప్రార్థన సాయంత్రం. అందాకా తోచక, క్యాంపు వెనక గులకరాళ్ల మైదానంలో మావాళ్లు క్రికెట్ ఆడుతుంటే కుర్చీ వేసుకుని స్కోరు రాసేవాణ్ని. పద్ధతి గల మనిషినని జట్లు వేసే పనీ నాకే అంటగట్టారు.

మైదానానికి ఒక పక్క ఒమానీ కుటుంబం ఉండే ఇంటి ప్రహరీ. టేపు చుట్టిన టెన్నిస్ బంతి ఒక్కటే ఉండేది. అది గోడ దాటితే ఆ వారానికి ఆట ముగిసినట్టే. సెలవు పూట వాళ్ల గేటు తట్టొద్దని క్యాంప్ బాస్ ఆజ్ఞ. మధ్యాహ్నం జుమా నమాజు అయ్యేదాకా కొట్లు తెరవరు.

ప్లాస్టరింగాయన నలభై దాటినవాడు. ఏ బంతి వేసినా బ్యాటు అడ్డం పెట్టి కాళ్ల దగ్గరే ఆపేవాడు. పోనీ అవుటయ్యేవాడా అంటే అదీ లేదు. పరుగు రాని బంతికి స్కోరులో చుక్క పెట్టాలి. ఆయన వరుస చీమలబారులా ఉండేది. "అన్నా, గోడకు పూత పూస్తున్నవా ఏంది? కొట్టరాదే!" అని అరిచేవారు. "ఇంక తడారలే తమ్మీ" అని మళ్లీ ఆపేవాడు. నా డైరీలో 'మొండిఘటం', 'ఆట తెలియదు', 'పక్కన పెట్టాలి'.

ఆ శుక్రవారం ఉండబట్టలేక లేచి వెళ్లాను.

"చూడవయ్యా, ఇవాళ కొట్టకపోతే వచ్చే వారం నీ పేరు రాయను."

"నిజంగనే రాయరా సార్?"

"రాయను."

తర్వాతి బంతిని కొట్టాడు. అది ప్రహరీ దాటి, మేడ మీది నీళ్ల ట్యాంకు కూడా దాటిపోయింది. ఆ మైదానంలో అంత దెబ్బ ఎవరూ కొట్టలేదు. మావాళ్లు ఈలలు వేస్తూ ఆయన్ని భుజాల మీదికెత్తారు. నేను పుస్తకంలో పెద్ద ఆరు వేశాను.

పది నిమిషాల్లో మైదానం ఖాళీ. ఒకరు బట్టలుతకడానికి, ఒకరు ఇంటికి ఫోన్ చేయడానికి, మిగతావాళ్లు ముసుగుతన్ని పడుకోవడానికి వెళ్లిపోయారు. ఇంకా ఏడు కాలేదు. కుర్చీలో నేనొక్కణ్నే. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కొట్టుడు వస్తది సార్ నాకు. కొడితే బాల్ పోతది. బాల్ పోతే అందరు పోతరు. రూమ్ల పండుకుంటే పిల్లలు యాదికొస్తరు. ఇగ పొద్దుగూకేదాంక ఏం జేద్దాం, చెప్పుండ్రి?"

ప్రతి శుక్రవారం పదింటిదాకా నన్ను ఆ గదికి పోనివ్వకుండా కూర్చోబెట్టింది ఆయన చుక్కలే. వాటి మీద విసుక్కోవడంలోనే నాకు పొద్దు గడిచేది. పైగా మేకుల నుంచి మోటార్ల దాకా నిండుకోకముందే తెప్పించే స్టోర్‌కీపరుకు రెండో బంతి సంగతి తట్టనేలేదు!

మర్నాడు తెల్లవారగానే, అప్పుడే తెరుస్తున్న మలయాళీ కొట్లో రెండు బంతులు కొన్నాను. మెస్ తలుపుకు వచ్చే వారం జాబితా అంటించాను. మొదటి పేరు ఆయనదే. "మళ్ల ఈయననేనా సార్? సచ్చినం పో!" అంటూ ఒక ఎలక్ట్రీషియన్ డ్యూటీ బస్సెక్కాడు. కిటికీ దగ్గర కూర్చున్న ప్లాస్టరింగాయనకు రెండు బంతులూ చూపించి, "ఇక కొట్టొచ్చు" అన్నాను.

"ఒకటి దాసుండ్రి సార్," అన్నాడు, "ఆ మీది శుక్రారానికి."

బస్సు కదిలింది.

రిటైరయ్యాక ఇప్పుడు నాకు వారమంతా శుక్రవారమే. ఆ చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే, పొద్దు ఇంకా అవుటవకుండా నిలబడే ఉంది.