బంద్ చేస్తేనే పెరిగే వేడి

మొన్న మనవరాలు కారు ఆపి తాళం తీసుకున్నాక కూడా ముందున్న పంకా గిర్రున తిరుగుతూనే ఉంటే, ఏదో పాడైందనుకుని కంగారుపడ్డాను. లోపల మిగిలిన వేడిని తోలేస్తోంది అమ్మమ్మా అని అది నవ్వింది. మా కాలపు కార్లకు ఆ తెలివి లేదు. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అరవైల్లో ఒక ఎండాకాలం, పరీక్షల మధ్య సెలవు వస్తే హాస్టలు నుంచి ఇంటికి వచ్చినదాన్ని, లెక్కల పరీక్ష రాయడానికి మా బాపుతో, అంటే నాన్నతో, తొర్రూరు నుంచి హనుమకొండకు బయలుదేరాను. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, అరగంట దాటితే లోపలికి రానివ్వరు. ఈసారి తప్పితే పెళ్లేనని నాయనమ్మ ఖాయం చేసేసింది, హనుమకొండలో పిల్లవాణ్ణి కూడా చూసిపెట్టారు. పత్తి వ్యాపారి అయిన మా బాపు మర్యాదల మనిషి. దారిలో పెద్దవాళ్లు కనబడితే ఇంజను ఆపించి, కిందికి దిగి దండం పెట్టందే కదిలేవాడు కాదు. కారులో కూర్చుని మాట్లాడితే పొగరనుకుంటారని ఆయన భయం.

వర్ధన్నపేట దగ్గర ఆయనకు మామ వరుసయ్యే పెద్దాయన ఎదురయ్యాడు. డ్రైవరు బతిమాలాడు.

"బంద్ చెయ్యద్దు సేఠ్. ఇంజను మస్తు కాగింది. ఆపితె పంకా, నీళ్లు రెండు ఆగుతయ్, లోపలి వేడంత పైకి తంతది."

బాపు వినలేదు. క్షేమసమాచారాలు అయ్యాయిగాని కారు కదల్లేదు, పైపులో పెట్రోలు మరిగి ఆవిరైపోయిందట. డ్రైవరు తువ్వాలు తడిపి పెట్రోలు పంపు మీద వేస్తే చుయ్‌మంది. నేను తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ దాని మీదే పోశాను. మళ్లీ బండి కదిలేసరికి ఒకటిన్నర. బాపు మీద అంత కోపం నాకు జన్మలో రాలేదు, ఆయన మొహం కూడా చూడలేదు.

రెండుంబావు దాటింది. హనుమకొండలో అడుగుపెట్టామో లేదో, దుకాణం ముందు నిలబడ్డ, నాకు చూసిన పిల్లవాడి తండ్రి మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యెత్తాడు. డ్రైవరు కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఆపకు, పోనియ్యి," అన్నాడు బాపు. కళ్లు తెరిచేసరికి, కిటికీలోంచి రెండు చేతులూ జోడించి ఆయనకు దండం పెడుతున్నాడు.

గేటు మూస్తుండగా లోపల పడ్డాను. ఆ సంబంధం పోయింది, బజారంతా బాపుకు కళ్లు నెత్తికెక్కాయంది. నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పుకుని బతికాను. ఇప్పుడు ఆ దారిన ఎవరూ ఎవరికోసమూ ఆగరు, ఆగలేదని నొచ్చుకునేవాళ్లూ లేరు. ఒక్కసారి ఆగకుండా పోవడానికి మా బాపుకు ఎంత గుండె కావలసి వచ్చిందో ఎవరికని చెప్పను?