ఐదు నిమిషాలు ఆగని బస్సు

మా ముత్తాత నరసింహారావుగారు దమ్మపేట చుట్టుపక్కల ఊళ్లకు పటేలు. తాత కేశవరావుగారి జీపు వస్తుంటే సంతలో జనం పక్కకు జరిగేవారు. నా తరానికి ఆ పేరూ, ఒక్క పామాయిల్ తోటా మిగిలాయి. నేను మినీబస్సు కొని దమ్మపేట నుంచి భద్రాచలానికి నడిపించాను. టికెట్లు నేనే కొట్టేదాన్ని.

మూడో రోజు ఆటోవాళ్ల పెద్ద సోమయ్య వచ్చాడు.

"దొరసానీ, మా ఆటోలు నిండినంక ఐదు నిమిషాలకు బస్సు తియ్యుండ్రి. మేం గూడ బతకాలె గదా."

"మా బండి ఎవరికోసమూ ఆగదు" అన్నాను.

"ఆగుదాం అమ్మా, గాళ్లతోని మనకెందుకు?" అన్నాడు డ్రైవర్ యాకూబ్. నేను వినలేదు.

మర్నాడు అడవి మలుపులో ఆటోవాళ్లు మా బస్సుకు ఆటోలు అడ్డం పెట్టారు. ముందు అద్దం పగలగొట్టి, యాకూబ్‌ను కిందికి గుంజి, ఇనుప రాడ్లతో అతని కుడిచేతిని నలగ్గొట్టారు. "గిప్పుడెట్ల తోల్తవురా!" అని అరిచాడు సోమయ్య. నేను జాకీ రాడ్డుతో దిగి అతని భుజం మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అంతా వెనక్కి తగ్గారు.

కొట్టినందుకు నాకు ఈరోజుకీ పశ్చాత్తాపం లేదు. అడిగినప్పుడు ఆగనందుకు ఉంది.

దవాఖానాలో యాకూబ్ ఒకటే అడిగాడు: "చెయ్యి నిలుస్తదా అమ్మా?"

నిలిచింది. అందుకైన ఆపరేషన్ల కోసం మా చివరి పామాయిల్ తోట అమ్మాను.